మతి చెడినవారికి పరిచర్య

నేను ముప్పదియారు సంవత్సరములు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను, వైద్యుడను గాను. అట్టివాడు మనోవ్యాధులను గూర్చి ప్రసంగించుట యేమని మీరు శంకింపవచ్చును. నా చేత జరిగిన యొక తప్పిదమును, దానిని దిద్దిన యొక పరిచారిక పనితీరును మీకు విన్నవించుటకు వచ్చితిని.

2019వ సంవత్సరము వేసవిలో నా మేనల్లునకు మతి చెడినది. వాడప్పటి కిరువదిరెండేండ్లవాడు. రాత్రులు నిద్ర లేదు. ఇరుగుపొరుగువారు తన్ను గూర్చి గుసగుసలాడుచున్నారనియు, అన్నములో విషము కలిపిరనియు పలుకుచు పస్తుండెడివాడు. ఒకనాటి రాత్రి తల్లిపై చేయి చేసికొనెను. మా చెల్లెలు నాకు కబురంపినది. ఊరిలో నా మాట చెల్లును. వానిని పశువుల కొట్టములో కట్టివేయుడని చెప్పినవాడను నేనే. తొమ్మిది దినములు వాడట్లే యుండెను. తావీదు కట్టువారు కట్టిరి. వేపమండలతో కొట్టువారు కొట్టిరి. నేను ప్రక్కన కూర్చుండి, నీవనుకొనునదంతయు భ్రమయని యుక్తులు చూపుచు వాదించితిని. తర్కము చదివినవాని బుద్ధి మరి యెట్లుండును!

పదవనాడు వాడు నీరు సైతము ముట్టకపోగా, ఆసుపత్రికి కొనిపోయితిమి. వైద్యుడు వచ్చులోపల ఒక పరిచారిక, మనము నర్సమ్మ యందుమే, ఆమె మమ్ము వేరొక గదిలో కూర్చుండబెట్టెను. మొదట వాని ముంజేతులమీది త్రాటి గాయములను కడిగి కట్టు కట్టి, అవి యెచ్చట నెంత పొడవున్నవో కాగితముపై వ్రాసికొనెను. పిమ్మట జ్వరము, నాడి, రక్తపుపోటు, రక్తములోని చక్కెర చూచెను. మతి చెడినవానికి చక్కెరతో పనియేమి యని నేనడిగితిని. “మాస్టరుగారూ, చక్కెర పడిపోయినను, జ్వరము తీవ్రమైనను, త్రాగుడు హఠాత్తుగా మానినను మనిషి యిట్లే మాటలాడవచ్చును. ముందు దేహము చూడవలెను” అనెను. ఈ మాట ముసలివారున్న యిండ్లలో మరింత గుర్తుంచుకొనదగినది. నిన్నటివరకు బాగుగానున్న వృద్ధుడు నేడు హఠాత్తుగా మనుష్యులను గుర్తింపక, లేనివి చూచుచున్నచో, పలుమారు దానికి కారణము దేహములోని జబ్బే. ఆలస్యము చేయరాదు.

తరువాత ఆమె వానితో మాటలాడుటకు మొదలిడెను. వాడెట్లు కూర్చుండెనో, చూపు నిలుపుచున్నాడో లేదో, మాట వేగమెంతో కనిపెట్టుచుండెను. మనసెట్లున్నదని యడిగెను. నేడేవారము, మనమెచ్చటనున్నాము అనెను. మూడు మాటలు చెప్పి, కొంతసేపటికి వానిని తిరిగి చెప్పుమనెను. ఇది జబ్బని నీకు తోచుచున్నదా యనెను. చరకుడు నిదానస్థానమున ఉన్మాదమనగా మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము వీని విభ్రమమని చెప్పియున్నాడు. నేనది వల్లించినవాడనే. ఆమె ఆ గ్రంథము చూచినదో లేదో యెరుగను గాని, దాదాపు ఆ యెనిమిదింటిని నా కన్నులయెదుట నొక్కొక్కటిగా పరీక్షించినది. వల్లించిన నేను తొమ్మిది దినములలో నొక్కదానినైన నడుగనైతిని.

అంతట ఆమె, “బాబూ, ఎవరును లేనప్పుడు నీకు గొంతులు వినబడునా? ఏమైన చేయుమని చెప్పునా?” అని యడిగి, అదే స్వరముతో, “చచ్చిపోవలెనని తోచినదా?” అనెను. నేను దిగ్గున లేచి, ఆ యమంగళపు మాట లేలయని కసరితిని. ఆమె చేయెత్తి నన్ను వారించినది. వాడు తల వంచుకొని, “కట్టిన త్రాడు వదులైన రాత్రి దానితోనే యనుకొన్నాను” అనెను. మరి కొంతసేపటికి, “ఇంతవరకు నన్నెవరును అడుగలేదు” అనెను.

అడిగినచో లేని తలంపు పుట్టునని మనవారి భయము. అది నిజము కాదని ఈ వ్యాధులను పరిశోధించినవారు తేల్చియున్నారు. అడిగినందువలననే ఆ రాత్రి వాని మంచము పరిచారికల బల్లకు దగ్గరగా వేయబడెను; తువ్వాలు, మొలత్రాడు తీసివేయబడెను; వానినొంటిగా విడువలేదు.

ఆమె వానితో వాదింపలేదు, ఔననియు ననలేదు. “ఆ గొంతు నాకు వినబడుట లేదు. నీకు వినబడుచున్నదనియు, నీవు భయపడుచున్నావనియు తెలిసికొంటిని” అనెను. విషమను శంక గలవానికి కలిపిన యన్నము పెట్టలేదు. అరటిపండ్లు చేతికిచ్చి తానే యొలుచుకొనుమనెను. వాడు నాలుగు తినెను. మందు మ్రింగువరకు ప్రక్కన నిలిచెడిది. తొలి దినములలో మెడ పట్టివేసినను, కనుగ్రుడ్లు పైకి నిలిచినను వెంటనే చెప్పుడు, దానికి విరుగుడు కలదు, మీరంతట మీరు మందు మానవద్దని మాకు బోధించెను. గుణము పూర్తిగా కనబడుటకు వారములు పట్టునని కూడ చెప్పినది. మరుసటి యేట వాడు బాగైతిననుకొని మందు మానినాడు. రెండు నెలలకే మరల ఆసుపత్రి చేరవలసివచ్చినది.

2001వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో, గొలుసులతో కట్టియుంచిన రోగులు 28 మంది నిప్పంటుకొనగా తప్పించుకొనలేక మరణించిరి. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టము రోగిని ఏ విధముగనైనను గొలుసులతో బంధించుటను నిషేధించినది. నేను త్రాడు తెప్పించునాటికి అది అమలునకు వచ్చి సంవత్సరము కావచ్చినది. మరి కొట్టవచ్చువానిని ఏమి చేయుదుమని మీరడుగుదురు. చుట్టు మూగినవారిని పంపివేయుడు. ఒక్కరే, మెల్లగా, కొంచెము దూరమున నుండి మాటలాడుడు. వానికిని మీకును తలుపుదారి విడిచియుంచుడు. కత్తులు, పురుగుమందు ఇంటినుండి తీసివేయుడు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు రుసుము లేకయే తెలుగులో సలహా చెప్పుదురు.

నేడు నా మేనల్లుడు ఒక దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు. మొదటి నెల మందులకు పోయినప్పుడు, ఆ పరిచారిక వానినన్నియు అడిగిన పిదప మా చెల్లెలివైపు తిరిగి, “అమ్మా, మీకు నిద్ర పట్టుచున్నదా?” అనెను. చెల్లెలు కొంగు నోటికడ్డము పెట్టుకొనెను. ఆమె ఆ కాగితముమీదనే మరియొక పంక్తి వ్రాసికొని, కుర్చీ దగ్గరకు జరుపుకొనెను.