ఉన్ని కార్పెట్ మీద మరక పడిందా? ముందు రుద్దడం ఆపండి

బుక్కపట్నం నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు ఎపిసోడ్ ఉన్ని కార్పెట్ గురించి. టీ, కూర, పసుపు, వక్కాకు ఉమ్ము, ఏది పడినా ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది చూద్దాం.

"మా ఇంట్లో కార్పెట్ యాడుందన్నా?" అంటారేమో. మన అనంతపురం సైడ్ చాలా ఇళ్లలో కురుబవాళ్లు నేసిన నల్ల కంబళి ఉంటుంది. అదీ గొర్రె బొచ్చే, ఏలూరు తివాచీలోదీ గొర్రె బొచ్చే. రెండింటికీ ఒకటే సూత్రం. పైగా కంబళి నేసే మగ్గాలు ఇప్పుడు తగ్గిపోయాయి. తాత కప్పుకున్న కంబళి పాడైతే అలాంటిది మళ్లీ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

మొదట, అది నిజంగా ఉన్నేనా? అంచు నుంచి ఒక్క పోగు లాగి, ఇంటి బయట పట్టకారుతో పట్టుకొని అంటించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్లతో నలిపితే పొడైతే ఉన్ని. కరిగి గట్టి పూసలా అయితే సింథటిక్. కాగితం కాలిన వాసన వస్తే నూలు. వరంగల్ దర్రీలు, 2018లో జీఐ గుర్తింపు వచ్చినవి, అవి నూలువి. వాటి లెక్క వేరే.

వెంట్రుక వాసన ఎందుకొస్తుందంటే, ఉన్ని కూడా వెంట్రుకే కాబట్టి. మన జుట్టులో ఉండే కెరటిన్ అనే ప్రోటీనే అందులోనూ ఉంటుంది. ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. తలకు పోసుకోలేనిది ఉన్నికి పోయొద్దు. అంతే.

అందుకే బ్లీచ్ వద్దే వద్దు. గాఢమైన బ్లీచ్‌లో ఉన్ని పోగు వేసి ఉంచితే కరిగిపోతుంది. మరకతో పాటు కార్పెట్ కూడా పోతుంది! మరకలు పోగొట్టే చాలా డిటర్జెంట్ పౌడర్లలో ఎంజైములుంటాయి. గుడ్డు, రక్తం లాంటి ప్రోటీన్ మరకల్ని తినడానికే వాటిని వేస్తారు. ఉన్ని కూడా ప్రోటీనే కదా, దాన్నీ వదలవు. వంటసోడా, బట్టల సోడా కూడా పక్కన పెట్టండి. ధర్మవరం పట్టుచీర మీద బ్లీచ్ పోస్తామా? పట్టు కూడా ప్రోటీనే. ఆ చీరకిచ్చే మర్యాదే దీనికీ ఇవ్వండి.

ఇంకోటి, వేడినీళ్లు, రుద్దుడు. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదానికొకటి చిక్కుకొని గడ్డకడతాయి. అలా గడ్డకట్టింది మళ్లీ విడదు. మరకను రేపైనా తీయొచ్చు, దీన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

మరి ఏం చేయాలి? ఉన్ని పైపొర నీళ్లను వెంటనే లోపలికి పోనివ్వదు. టీ ఒలికితే కాసేపు పైనే నిలబడుతుంది. ఆ కాసేపే మనకు అవకాశం. తెల్లటి నూలుగుడ్డ మడిచి, పైనుంచి గట్టిగా అదమండి. గుడ్డ తడిస్తే పొడిభాగం తిప్పి మళ్లీ అదమండి. మరక అంచు నుంచి మధ్యకు రండి. మధ్య నుంచి బయటికొస్తే మరకే పెద్దదవుతుంది. రంగుగుడ్డ వాడితే దాని రంగు అంటుకోవచ్చు.

ఇప్పుడు ఒక్కో మరక చూద్దాం.

టీ, కాఫీ: ఒక కప్పు గోరువెచ్చని నీళ్లలో ఒక స్పూన్ తెల్ల వెనిగర్. గుడ్డ ముంచి, పిండి, అద్దండి. తర్వాత మామూలు నీళ్లతో అద్ది, పొడిగుడ్డతో అదమండి.

నెయ్యి, కూర నూనె: నీళ్లు పోయొద్దు. మొక్కజొన్న పిండో, టాల్కం పౌడరో చల్లి కొన్ని గంటలు వదిలేయండి. నూనెను అది పీల్చుకుంటుంది. మెల్లగా దులిపి, ఊలు బట్టల లిక్విడ్ నాలుగు చుక్కలు నీళ్లలో కలిపి అద్దండి.

రక్తం: చల్లనీళ్లు మాత్రమే. వేడి తగిలితే గట్టిపడి పట్టుకుంటుంది.

బురద: ఆత్రపడొద్దు. పూర్తిగా ఎండనిచ్చి మెత్తని బ్రష్‌తో దులపండి. సగం అలాగే పోతుంది.

పసుపు: మన ఇళ్లలో పెద్ద తలనొప్పి ఇదే. సబ్బు తగిలిందా, ఎర్రగా మారుతుంది. సబ్బులోని క్షారం వల్ల వచ్చే మార్పు అది, భయపడొద్దు. కడిగాక పలచని వెనిగర్ నీళ్లు అద్దితే మళ్లీ పసుపు రంగుకొస్తుంది. మిగిలిన రంగు ఎండకు వెలిసిపోతుంది. కాకపోతే కార్పెట్ రంగు కూడా వెలుస్తుంది, అందుకని కాస్త కాస్తగా ఎండబెట్టండి.

వక్కాకు: తాజాగా ఉంటే టీకి చేసినట్టే చేయండి. ఎండిపోయిన పాత మరక పూర్తిగా పోకపోవచ్చు. ఆ చిన్న మచ్చ ఉన్నా ఫర్వాలేదు, దానికోసం కార్పెట్‌కు చిల్లు పెట్టుకోవద్దు.

ఏది వాడినా ముందు కనపడని మూలలో పరీక్షించండి. తెల్లగుడ్డకు రంగు అంటితే అక్కడే ఆగిపోండి, డ్రై క్లీనింగ్ వాళ్లకు చూపించండి.

ఆరబెట్టడం కూడా ముఖ్యమే. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ లాక్కున్నా చేతికి తడి తెలీదు. ఆరిందనుకొని చుట్టేస్తే బూజు పడుతుంది. పరిచి, ఫ్యాన్ గాలికి రెండు వైపులా ఆరనివ్వండి. కంబళిని బకెట్‌లో నానబెట్టొద్దు. నేసేటప్పుడు పోగులకు చింతగింజల గంజి పట్టిస్తారు, నానితే అది వదిలి కంబళి బిగువు పోతుంది. అందుకే దాన్ని ఊరికే ఉతకరు, ఎండకేసి దులుపుతారు.

చివరిగా పురుగు. చిమ్మట పిల్లపురుగులు ఉన్నిని తింటాయి. చీకటి, కదలిక లేని చోటు, తిండి మరకలున్న చోటు వాటికి బాగా ఇష్టం. వేపాకు వేస్తే సరిపోతుందనుకోవద్దు. శుభ్రం చేసి, బాగా ఆరనిచ్చి, అప్పుడు చుట్టండి. రెండు నెలలకోసారి విప్పి దులపండి.

ఈరోజే బీరువా మీదున్న ఆ కంబళి ఒకసారి దించి చూడండి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.