మొరాయించే ఫైల్ సర్వర్



ఈమధ్య కొన్ని ఇళ్ళల్లో టీవీ స్టాండు పక్కన చెప్పుల పెట్టె అంత నల్ల డబ్బా ఒకటి కనిపిస్తోంది. ఫైల్ సర్వర్ అంటారు దాన్ని. పిల్లలైతే ‘నాస్’ అంటారు. లోపల సాధారణంగా రెండు హార్డ్ డిస్కులుంటాయి. పెళ్ళి ఫోటోలు, బారసాల వీడియోలు, ఇంటి దస్తావేజుల నకళ్ళు, కాలం చేసిన పెద్దల గొంతులు, అన్నీ అందులోనే. ఇంటిల్లిపాదికీ అదే బీరువా. ఆ బీరువా ఓ పొద్దున్న తెరుచుకోకపోతే గుండె గుభేలుమనదూ!

మన సొత్తంతా ఉన్నది డిస్కుల్లో. డబ్బా పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. అందుచేత డిస్కులకు హాని కలగని పనులే మొదట చెయ్యాలి. తెర మీద ‘ఇనీషియలైజ్’ చెయ్యమంటారా, ‘ఫార్మాట్’ చెయ్యమంటారా అని అడిగితే ససేమిరా ఒప్పుకోకండి. అది కొత్త డిస్కు వేసినప్పుడు అడిగే ప్రశ్న. పాత డిస్కుల్ని పోల్చుకోలేక అడుగుతోందన్నమాట. ఔనన్నారో, ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుపోతుంది.

అసలు సర్వర్ లేవలేదా, లేచినా మనకు కనబడటం లేదా? దీపాలు మామూలుగానే వెలుగుతుంటే రూటర్ వైపు చూడండి. కరెంటు పోయి వచ్చాక రూటర్ దానికి కొత్త చిరునామా ఇచ్చి ఉండొచ్చు. మనమేమో పాత చిరునామాకే ఉత్తరాలు వేస్తూ ఉంటాం! వైరు గట్టిగా నొక్కి, రూటర్ పేజీలో కొత్త నంబరు చూసుకుంటే సరి.

దీపం మినుకుమినుకుమంటూ పని ముందుకు సాగకపోతే నా అనుమానం అడాప్టర్ మీద. మన ఎండలకీ, కరెంటు ఒడిదుడుకులకీ లోపలి కెపాసిటర్లు నీరసిస్తాయి. ఫ్యాను తిరిగేపాటి శక్తి ఉంటుంది గానీ, డిస్కులు రెండూ తిరగబోయేసరికి చాలదు. మీటరు పెడితే 12 వోల్టులూ బుద్ధిగా చూపిస్తుంది, లోడు పడ్డాకే కూలబడుతుంది. అదే వోల్టేజి, అదే పిన్ను ఉండి, ఆంపియర్లు పాతదానికి తగ్గని మరో అడాప్టర్ పెట్టి చూడండి. మా ఎదురింటావిడ డబ్బాను రిపేరుకు పట్టుకెళ్తే, ఆ కుర్రాడు మూత కూడా తియ్యకుండానే “ఫార్మాట్ కొట్టాలమ్మా” అన్నాడట. ఆవిడ గడుసుది, వెనక్కి తెచ్చేసుకుంది. కొత్త అడాప్టర్ పెట్టగానే లేచి కూచుంది!

అప్పటికీ లేవలేదూ, ప్లగ్గు తీసేసి, డిస్కుల మీద ఒకటి, రెండు అని చీటీలు అంటించి, మెత్తటి గుడ్డ మీద పెట్టండి. ఖాళీ డబ్బాను ఆన్ చెయ్యండి. చాలా రకాలు ఖాళీగానూ లేచి, డిస్కు లేదని చెబుతాయి. అలా చెబితే జబ్బు డిస్కుల్లో ఉందని అనుమానించాలి. అప్పుడూ మూగనోము పడితే జబ్బు డబ్బాదే. తిరిగి పెట్టేటప్పుడు మళ్ళీ ప్లగ్గు తీసి, ఏ అరలోది ఆ అరలోనే పెట్టండి. టిక్కుటిక్కుమని చప్పుడు చేసే డిస్కును మాత్రం మాటిమాటికీ ఆన్ చెయ్యకండి, లోపల గీసుకుపోతుంది. దాన్ని ఫ్రీజర్లో పెడితే బాగవుతుందన్న చిట్కా ఒకటుంది. నమ్మకండి, తేమ చేరి ఉన్నదీ పోతుంది.

హఠాత్తుగా కరెంటు పోయి వస్తే డబ్బా డిస్కుల్ని తానే పరీక్షించుకుంటుంది. పెద్ద డిస్కులకు గంటలు పట్టవచ్చు. దీపాలు ఆడుతున్నంతసేపూ మీరు వంట చూసుకోండి, దాని జోలికి పోకండి.

రెండు డిస్కులున్నాయిగా, ఒకటి పోయినా రెండోది ఉంటుందని కొందరి ధీమా. డిస్కు చెడితే నిజమే. కానీ పొరపాటున ఒక ఫోటో చెరిపితే రెండింటిలోనూ చెరుగుతుంది. పిడుగు పడితే రెండూ ఒకేసారి పోవచ్చు. అందుకే సర్వర్ లేచిన రోజే, మరో పని పెట్టుకోకుండా, విడిగా ఒక యూఎస్‌బీ డిస్కులోకి అన్నీ నకలు తీసి, పైన తేదీ రాసి, మీ పుట్టింటి బీరువాలో దాచమనండి.