ఛత్రోపానహ దానము – నేటి ధర్మము



మహాభారతము ఆనుశాసనిక పర్వములో భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథ యొకటి కలదు. జమదగ్ని మహర్షి వినోదార్థము బాణములు వేయుచుండగా రేణుకాదేవి వాటిని ఏరి తెచ్చుచుండెను. అది జ్యేష్ఠమాసపు మధ్యాహ్నము. తల మాడి, పాదములు కాలి, ఆ తల్లి క్షణకాలము చెట్టునీడన నిలిచెను. ఆలస్యమునకు కారణము విని మహర్షి సూర్యునిపైననే విల్లెక్కుపెట్టెను. అంతట సూర్యుడు శరణుజొచ్చి గొడుగును, పాదరక్షలను ఇచ్చెను. ఛత్రోపానహ దానమునకు మూలము ఇదియే.

ఒక సత్యమును దాచరాదు. ఆ కథలోని పాదరక్షలు తోలువే. తోలును విడుచుట మనలో పలువురు అహింసాభావముతో పట్టిన నియమము. మంచిదే. కాని దానిని విడిచి పట్టుకొన్నదేమి? ప్లాస్టిక్కు. తెగిన చెప్పు కాలువలో పడి, కాలువనుండి గోదావరికి, అంతర్వేది వద్ద సాగరమునకు చేరును, మట్టిలో కలియదు. జలచరములకు కీడు చేయునది అహింస ఎట్లగును? పాత చెప్పులను ఆలయద్వారమున విడిచిన శని విడుచునని కొందరి నమ్మకము. శని విడుచునేమో కాని, ఆ చెప్పు ఊరిని విడువదు.

మరి మార్గమేమి? మా గురువులు పావుకోళ్ళు ధరించెడివారు. అవి ఇంటను, పొడినేలను బాగుండును గాని నేటి ప్రయాణములకు ఒదగవు. 2022 జనవరిలో కాశీ విశ్వనాథ ధామమున చలిలో వట్టికాళ్ళతో సేవచేయు అర్చకులు, పారిశుద్ధ్య కార్మికులు మొదలగువారికై ప్రధానమంత్రి నూరు జతల జనపనార పాదరక్షలు పంపిరి. అచ్చట తోలు, రబ్బరు పాదరక్షలు నిషిద్ధములు.

ఆలయ ప్రాంగణమునకు నార చాలును. రోడ్డుపై మాత్రము వట్టి నార త్వరగా అరుగును, తడికి చెడును. కావున అడుగున చెట్టుపాలతో చేసిన రబ్బరు, పైన జనపనార గాని మన కోనసీమ కొబ్బరిపీచు గాని, నూలుపట్టీ ఉన్న జత మేలు. రబ్బరని అమ్మునదెల్ల చెట్టు రబ్బరు కాదు, అడిగి కొనవలెను. అతికించిన దానికంటె కుట్టినది శ్రేష్ఠము. తెగినచో మరల కుట్టించవచ్చును, కుట్టువానికి జీవనము కలుగును. తడిసినచో నీడన ఆరవేయుడు.

దాతలారా! వేసవిలో గొడుగుతోపాటు ఇట్టి పాదరక్షల జతను ఎండలో పనిచేయువారికి ఇండు. రేణుకామాత పాదములు చల్లబడునట్లు, భూమాతకును తాపము కలుగనట్లు దానము చేయుట నేటి ధర్మము.

స్వస్తి.