అనాథ బాలుర సుషిర మేళము



మన సంగీత శాస్త్రకారులు వాద్యములను తతములు, సుషిరములు, అవనద్ధములు, ఘనములు అని నాలుగు తెఱగులుగా విభజించిరి. వీనిలో ఊపిరితో పలుకునవి సుషిరములు. మన వేణువు, సన్నాయి, నాగస్వరము ఈ కోవలోనివే. తీగయైనను తోలైనను చేతి స్పర్శకు పలుకును. సుషిర వాద్యము పలుకవలెనన్న వాయించువాని ప్రాణవాయువే అందు ప్రవేశింపవలెను. దిక్కులేని పసివాండ్ర ఊపిరి ఒక శరణాలయమునెల్ల ఎట్లు పోషించెనో నేడు మీకు మనవి చేసెదను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, దక్షిణ కరొలైనా సముద్రతీరమున చార్లెస్టన్ అను పట్టణము కలదు. అచ్చట డేనియల్ జెంకిన్స్ అను నల్లజాతి క్రైస్తవ బోధకుడుండెను. ఆయన 1862వ సంవత్సరమున బానిసగా జన్మించి, బాల్యముననే తలిదండ్రులను కోల్పోయినవాడు. 1891 డిసెంబరులో ఒకనాడు కలపకై రైలు సరుకులు దిగు తావునకు బోగా, ఒక సరుకుపెట్టెలో చలికి ముడుచుకొనియున్న నలుగురు బాలురు ఆయన కంటబడిరి. ఆ పట్టణమున 1790 నాడే స్థాపితమైన అనాథాలయమొకటి యుండెను గాని, అందు తెల్లవారి బిడ్డలకే ప్రవేశముండెను. కావున జెంకిన్స్ తానే వారికి ఆశ్రయమిచ్చి, నల్లజాతి అనాథలకొక శరణాలయమును నెలకొల్పెను. చెఱసాల ప్రక్కనున్న పాత నావికుల వైద్యశాల దానికి నివాసమయ్యెను.

నలుగురితో మొదలైన ఇల్లు అచిరకాలములోనే నిండిపోయెను. పురపాలకులిచ్చు ధనము ఆ పిల్లల తిండికే చాలదు. అంతట ఆయన ఇంటింట మూలబడియున్న పాత బాకాలను, వేణువులను, డోళ్లను దానమడిగెను. లోగన్, మికెల్ అను ఉపాధ్యాయులు బాలురకు స్వరలిపి చదువుటయు, వాద్యము పట్టుటయు నేర్పిరి. ఆ ఊరి సైనిక కళాశాల విద్యార్థులు విడిచిన పాత దుస్తులే వారికి మేళపు వేషములయ్యెను. కొలతకు మించిన చొక్కాలు తొడిగిన చిన్నవాండ్రు వీథి మూలల నిలిచి వాయించుచుండగా, దారిని బోవువారు కాసులు వేయుచుండిరి.

1895లో జెంకిన్స్ ఈ బాలురను లండను నగరమునకు గొనిపోయెను. పసివాండ్రను వీథిలో వాయింపించుట చట్టవిరుద్ధమని అచ్చటి అధికారులు అడ్డు చెప్పిరి. పరదేశమున చేతిలో పైకము లేక చిక్కుపడినవారిని అక్కడి క్రైస్తవ సమాజములవారు చందాలిచ్చి ఆదుకొనిరి. పిదప మేళమునకు ఖ్యాతి హెచ్చెను. 1905లో థియొడోర్ రూజ్వెల్టు, 1909లో టాఫ్టు అధ్యక్షపదవి స్వీకరించిన ఊరేగింపులలో ఈ బాలురు వాయించిరి. 1914లో లండనులో జరిగిన ఆంగ్లో-అమెరికను ప్రదర్శనమునకు వెళ్లిరి; ఆ యేడే మహాయుద్ధము వచ్చిపడెను. 1927లో న్యూయార్కు రంగస్థలమున "పోర్గీ" నాటకములో సైతము వారి మేళము కనబడెను.

ఇచ్చట నొక ప్రశ్న పుట్టును. అనాథలను వీథిలో నిలిపి, వారి ఊపిరితో డబ్బు కూడబెట్టుట ధర్మమా? లండను అధికారుల అభ్యంతరము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆడి పాడవలసిన ప్రాయమున ఆ బిడ్డలు ఊరూరు తిరిగి, తమకే గాక తోడివారికిని అన్నము సంపాదింపవలసి వచ్చెను. జాబో స్మిత్ అను బాలుని, తల్లి పోషింపజాలక ఆఱేండ్ల ప్రాయమున అచ్చట చేర్చెను. అతడు పలుమార్లు ఆ యింటినుండి పారిపోయెను. సుఖముగానున్న పిల్లవాడు పారిపోడు గదా!

అయినను ఇంకొక సంగతి గమనింపుడు. ఇల్లు విడిచిన ఆ స్మిత్ బాకాను మాత్రము విడువలేదు. ఆ వాద్యముతోనే అతడు 1920వ దశకమున జాజ్ సంగీతమున పేరొందెను. తలిదండ్రులు లేని క్యాట్ ఆండర్సన్ అచ్చటనే బాకా నేర్చి, 1944లో డ్యూక్ ఎల్లింగ్టన్ మేళమున చేరి, అత్యంత తారస్వరములు పలికించుటలో ప్రసిద్ధుడయ్యెను. ఫ్రెడ్డీ గ్రీన్ అనాథ కాకున్నను ఈ బాలురతో కలిసి తిరిగినవాడు. తరువాత గిటారుతో కౌంట్ బేసీ మేళమునకు అర్ధ శతాబ్దము ఆధారముగా నిలిచెను.

వీథిలో రాలిన కాసులు ఆనాటి రొట్టెకు వ్యయమైపోయినవి. అవి శరణాలయమువి. బాలుని రొమ్ములో నిలిచిన విద్య బాలునిది; దానిని ఎవరును లెక్కపెట్టి పుచ్చుకొనజాలరు. జెంకిన్స్ ఆకలి తీర్చుటకే మేళము పెట్టెను. ఆ యాకలి తీరిన పిమ్మటను మిగిలినది విద్యయే. ఆ యింట చెప్పులు కుట్టుట, అచ్చుపని మొదలగునవి కూడ నేర్పెడివారు. జెంకిన్స్ 1937లో కీర్తిశేషుడయ్యెను.

మన యూళ్లలో అనాథ బాలల గృహములు నడుపు పుణ్యాత్ములకు నాదొక విన్నపము. అన్నము పెట్టుడు, వస్త్రమిచ్చుడు. వానితోపాటు ఒక సన్నాయియో, వేణువో, మఱియొక పనిముట్టో ఆ చిన్ని చేతులలో నుంచి, దానిని నేర్పు గురువును గూడ సమకూర్పుడు. వారిని సభలలో నిలిపి చందాలు వసూలు చేయుటకు గాదు. మీ గడప దాటి పోవునాడు, ఆ బిడ్డ తనదని చెప్పుకొనదగినదొకటి వెంట గొనిపోవుటకు.