బిడ్డ ఆకలి, మన ఓటు
(బాగలూరు కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఓట్ల కాలం వస్తే మన వీధిలోకి వ్యాన్లు వస్తాయి, మైకులు వస్తాయి, మనకోసం తెలుగులో రెండు ముక్కలు నేర్చుకున్న నాయకులూ వస్తారు. వాళ్లను మనం రోడ్డు అడుగుతాం, నీళ్లు అడుగుతాం, ఇంటి పట్టా అడుగుతాం. అవి అడగాల్సినవే. పిల్లల తిండి, పిల్లల వైద్యం సంగతి ఎత్తితే మాత్రం అదేదో ఆడవాళ్ల గొడవ అన్నట్టు మనలోనే కొందరు పక్కకు చూస్తారు. ఈ రాష్ట్రంలో బిడ్డల సంగతి మీద ఒక ముఖ్యమంత్రే దిగిపోయాడని వాళ్లకు చెప్పాలి.

మన హోసూరు పక్క తొరపల్లిలో పుట్టిన రాజాజీ మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉండగా, 1953లో పల్లెటూరి ప్రాథమిక బడులకు ఒక పథకం తెచ్చారు. బిడ్డకు బడి మూడు గంటలే. మిగతా పొద్దు ఇంట్లో తండ్రి పని నేర్చుకోవాలి. డబ్బు చాలదు, పంతుళ్లు చాలరు, ఒకే బడిలో రెండు పూటలు రెండు జట్ల పిల్లలకు చెప్పొచ్చు అని ఆయన లెక్క. కాగితం మీద లెక్క బాగానే ఉంది. కానీ నేతగాడి కొడుకు మళ్లీ మగ్గం గుంటలోకి, కూలివాడి కొడుకు మళ్లీ పొలంలోకి పోవాల్సిందే కదా! దానికి కులవిద్య అని జనం పేరు పెట్టారు. ద్రావిడ ఉద్యమం వాళ్లు వీధికెక్కారు. కాంగ్రెసులోనే చాలామంది ఎదురు తిరిగారు. 1954లో రాజాజీ తప్పుకున్నారు. కొత్త నాయకుడి కోసం శాసనసభా పార్టీలో ఓట్లు పెట్టారు. రాజాజీ వైపున సి. సుబ్రమణ్యం నిలబడ్డారు, ఎదురుగా కామరాజ్. కామరాజ్‌కు 93 ఓట్లు, సుబ్రమణ్యానికి 41. మే నెలలో ఆ సగం బడి పథకం రద్దయింది. కామరాజ్ అదే ఏడు నేతగాళ్ల ఊరు గుడియాత్తంలో ఉప ఎన్నికకు నిలబడి గెలిచారు. 1956లో బడిలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు.

ఈ భోజనం ఆలోచన ఇంకా పాతది. మద్రాసు కార్పొరేషన్‌కు పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు టిఫిన్ పెట్టాలని తీర్మానం చేశారు. బిడ్డకు రోజుకు ఒక అణా మించకూడదు. ఆయన తెలుగు దేవాంగుల ఇంట, నేతగాళ్ల కుటుంబంలో పుట్టినవాడు. మనవాళ్లు చీరలు కొనడానికి పోయే టి.నగర్‌లో టి అక్షరం ఆయనే. ఆ డబ్బు విద్యా నిధి నుంచి ఖర్చు పెట్టడానికి వీల్లేదని సర్కారు అడ్డం చెప్పడంతో 1925లో ఆ టిఫిన్ ఆగిపోయింది. అణా టిఫిన్‌ను ఆపినవాళ్లకు ఆ రోజు జనం ఓటుతో పని లేదు. తరువాతి కాలపు నాయకులకు పని ఉంది. తేడా అక్కడే.

1982 జూలైలో ఎం.జి.ఆర్. రెండేళ్లు నిండిన బిడ్డ నుంచి భోజనం పెట్టించారు. 1989లో కరుణానిధి ప్రభుత్వం గుడ్డు చేర్చింది. 2022లో స్టాలిన్ ప్రభుత్వం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఉదయం టిఫిన్ మొదలుపెట్టింది. గర్భిణీ స్త్రీలకు ముత్తులక్ష్మి రెడ్డి పేరు మీద ఇచ్చే సాయం చూడండి. 1987లో 300 రూపాయలు. 2006లో ప్రభుత్వం మారాక 6,000. 2011లో మళ్లీ మారాక 12,000. 2018లో 18,000. ఒకరు పెట్టింది ఇంకొకరు తీసెయ్యలేదు, పైన వేశారు. తీసేస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

అన్నీ ఉన్నాయి కదా, ఇంకేం అడగాలి అంటారా? మిల్లు కార్మికురాలి బిడ్డను ఒక్కసారి లెక్క వేద్దాం. ఇ.ఎస్.ఐ. ఉంటే ప్రసవానికి, మొదటి ఇద్దరు బిడ్డలకు, 26 వారాల సెలవు జీతం వస్తుంది. 12,000 జీతంలో నెలకు మన వాటా 90 రూపాయలు, యజమాని వాటా 390 రూపాయలు, దానివల్ల వచ్చే హక్కు అది. సెలవు అయిపోయే నాటికి బిడ్డకు ఆరు నెలలు. అంగన్‌వాడీలో కూర్చోబెట్టడానికి రెండేళ్లు నిండాలి. ఆ మధ్యలో ఏడాదిన్నర ఉంది. సత్తుమావు పొట్లం ఇస్తారు, మంచిదే. కలిపి తినిపించే చెయ్యి ఏది? తల్లి షిఫ్టులో ఉంది. రెండేళ్లు నిండాక కూడా అంగన్‌వాడీ సాయంత్రానికి మూసేస్తారు. సెకండ్ షిఫ్టు తల్లికి, నైట్ షిఫ్టు తల్లికి అది పనికిరాదు.

అప్పుడు ఎవరు చూస్తారు? అవ్వ ఉంటే అవ్వ. లేకపోతే అక్క. ఆ అక్కకు పదేళ్లో పదకొండేళ్లో. రేపు షిఫ్టు మారేదాకా బడికి పోవద్దులే అంటాం. ఆ వారం నెల అవుతుంది, నెల ఏడాది అవుతుంది. 1953 నాటి సగం బడి ఇది, ప్రభుత్వ ఉత్తర్వు లేకుండానే మన ఇళ్లలో నడుస్తోంది. అప్పుడు కొడుకుల కోసం ఊరంతా లేచింది. ఇప్పుడు ఆడపిల్ల కోసం ఎవరు లేస్తున్నారు?

చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని రాశారు. 2017 సవరణలో 50 మంది ఉద్యోగులున్న చోట క్రెచ్ ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చు అన్నారు. 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన కొత్త కోడ్‌లలో కూడా లెక్క యాభైయే, ఆడా మగా కలిపి. కోడ్‌ల మీద మన అభ్యంతరాలు వేరే ఉన్నాయి, అది ఇంకో రోజు. మేము రింగ్ ఫ్రేముల దగ్గర పనిచేసిన కాలంలో ఒక మిల్లులో క్రెచ్ గది చూశాం. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు ఉయ్యాల కట్టేవారు. ఆయన జీపు గేటు దాటగానే వేస్టు కాటన్ మూటలు అందులోకి వచ్చేవి. కొన్ని చోట్ల ఇంకా తెలివి, పెళ్లికాని పిల్లలనే హాస్టల్లో పెట్టి పని చేయించుకున్నారు. తల్లులే లేకపోతే ఉయ్యాల దేనికి?

అమెరికాలో పార్టీ అభ్యర్థి ఎవరన్నది ముందుగా జనమే ఓటు వేసి తేలుస్తారు. 2020లో అక్కడి డెమోక్రటిక్ పార్టీలో బెర్నీ శాండర్స్, బైడెన్ తదితరులు అందరికీ వైద్యం ఎలా ఇవ్వాలనే దాని మీద నెలల తరబడి వాదించుకున్నారు. మన దగ్గర పేరు చెన్నై నుంచో ఢిల్లీ నుంచో వస్తుంది. కాబట్టి మనకున్న గడువు ఆ మనిషి వీధిలోకి వచ్చి చేతులు జోడించే పది నిమిషాలే.

ఆ పది నిమిషాల్లో అడగాల్సింది మేము కమిటీలో మాట్లాడి ఒక కాగితంగా రాశాం. మిల్లుల్లో, గార్మెంట్సులో క్రెచ్ తనిఖీ చెప్పకుండా చెయ్యాలి, కార్మికుల మనిషి పక్కన ఉండాలి. షిఫ్టు వేళలకు తగ్గట్టు నడిచే అంగన్‌వాడీ ఒకటైనా బాగలూరులో తెరవాలి, ఆరు నెలల బిడ్డను తీసుకోవాలి. ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీలో పిల్లల డాక్టరు ఏ రోజు ఉంటాడో బోర్డు మీద రాయాలి, తెలుగులో కూడా. ఏ పార్టీ వాళ్లు వచ్చినా ఇదే కాగితం ఇస్తాం, సంతకం అడుగుతాం. పెట్టనివాళ్ల పేరు కూడా బులెటిన్‌లో వేస్తాం.

కాగితంతో పాటు లెక్క కావాలి. రేపటి నుంచి గేటు దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. ఆరేళ్లలోపు బిడ్డ ఉన్నవాళ్లు, ఆడవాళ్లే కాదు, మగవాళ్లు కూడా వచ్చి రాయించండి. బిడ్డ వయసు నెలల్లో చెప్పండి, మీ షిఫ్టు చెప్పండి, ఆ వేళకు బిడ్డను ఎవరు చూసుకుంటున్నారో చెప్పండి. అక్క చూస్తుంటే ఆమె ఏ తరగతిలో ఆగిపోయిందో అది కూడా రాయించండి.