గుత్త చేతులు మారినా కూలి హక్కు మారదు



తాపీ, రంగులు, వెల్డింగు, కరెంటు పనులు మనలో అనేక కుటుంబాలకు జీవనాధారం. ముస్లింలు నెలజీతపు ఉద్యోగాలలో తక్కువగా, స్వయం ఉపాధిలో ఎక్కువగా ఉన్నారని 2006లో సచార్ కమిటీ తెలిపింది. ప్రభుత్వ టెండరు పెద్ద గుత్తేదారుకు దక్కుతుంది. పని చేతులు మారి చివరకు మన మేస్త్రీ వద్దకు చేరుతుంది. పైన బిల్లు ఆగితే మొదట ఆరిపోయేది కూలీ ఇంటి పొయ్యి.

1982 నాటి ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాలను గుర్తు చేసుకుందాం. రోజుకు 9 రూపాయల 25 పైసల కూలిలో ఒక రూపాయిని జమాదారు మినహాయించుకొనేవాడు. కనీస వేతనం కంటె తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయేనని, పనిని గుత్తకిచ్చినంత మాత్రాన ప్రభుత్వం బాధ్యత తప్పించుకోజాలదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

గుత్తేదారు వేతనం ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించి, ఆ మొత్తాన్ని అతని నుండి రాబట్టుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 21వ సెక్షన్ శాసించింది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 55వ సెక్షన్ ఆ సూత్రాన్నే నిలిపింది. అయితే 20 మంది కార్మికులన్న హద్దును 50కి పెంచింది. మన మేస్త్రీల జట్లు చాలావరకు అంతకంటె చిన్నవి. వాటికి 2019 నాటి వేతనాల కోడ్ 43వ సెక్షన్ ఆధారం. దానికి అట్టి సంఖ్యా పరిమితి లేదు. ఆ కోడ్ కింద బకాయిల కోసం 3 సంవత్సరాలలోగా కార్మికుడు గాని, అతని యూనియన్ గాని దరఖాస్తు చేయవచ్చును.

ఉపగుత్తేదారు స్థితి వేరు. చట్టం దృష్టిలో అతడూ గుత్తేదారే; కూలీలకు జవాబుదారీ. కాని ఒప్పందం పెద్ద గుత్తేదారుతోనే గనుక, తన సొమ్మును ప్రభుత్వ శాఖ నుండి నేరుగా అడిగే హక్కు సాధారణంగా అతనికి ఉండదు. కనుక నోటిమాటపై పని మొదలుపెట్టరాదు. రేటు, కొలతలు, చెల్లింపు గడువు కాగితం మీద ఉండాలి. చేసిన పని విలువ కోసం దావా వేయడానికీ సాధారణంగా 3 సంవత్సరాలే గడువు.

కనుక మనం కొన్ని పనులు అలవరచుకుందాం. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పని ఉత్తర్వు, చెల్లించిన బిల్లుల ప్రతులు కోరుదాం. 18 నుండి 60 ఏళ్ల వయసులో ఉండి, గడచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణపని చేసిన వారందరినీ సంక్షేమ బోర్డులో నమోదు చేయిద్దాం. అన్నిటికంటె ముందు, ఈ నెల నుండే ప్రతి జట్టుకూ ఒక హాజరు పుస్తకం తెరిచి, వారం వారం మేస్త్రీ చేత సంతకం చేయిద్దాం. రేపు అధికారి ఎదుట మన పక్షాన మాట్లాడేది ఆ పుస్తకమే.