ఎంత దూరం పరుగెత్తాలో ఎవరు చెప్పాలి?

(కె.కోటపాడులో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడవాళ్ళ హక్కుల సభలో పరుగు గురించి ఏమిటని మీలో కొందరికి అనిపించి ఉండొచ్చు. కూలి రేట్ల గురించి, వరకట్నం గురించి, ఇంట్లో తన్నుల గురించి మాట్లాడుకోవాల్సిన చోట ఈ పరుగు పందేల గొడవ ఏమిటని మొదట నాకూ అనిపించింది. కానీ ఈ తెల్లవారుజామున మీ ఊరు వచ్చే దారిలో, చెరకు తోటల పక్కన, ఇంకా చీకటి విడకముందే నలుగురు అమ్మాయిలు పరుగెత్తుతూ కనిపించారు. ఒక పిల్ల వెనకబడింది. ముందున్న పిల్ల వేగం తగ్గించి, "రాయే, ఇంకొక్క కరెంటు స్తంభం దాకా" అంది. ఆ మాట గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను.

వాళ్ళెందుకు పరుగెత్తుతున్నారో మీకు తెలుసు. పోలీసు ఉద్యోగం కోసం. మన రాష్ట్రంలో కానిస్టేబుల్ ఎంపికకు దేహదారుఢ్య పరీక్ష ఉంది. పిల్లలు 'ఈవెంట్స్' అంటారు. 1600 మీటర్ల దూరాన్ని మగవాళ్ళు 8 నిమిషాల్లో, ఆడవాళ్ళు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. 2022 నవంబరులో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష పెట్టారు. ఈవెంట్స్ మాత్రం 2024 డిసెంబరు ఆఖరుకు గాని మొదలు కాలేదు. అంటే దాదాపు రెండేళ్ళు. మగపిల్లాడికి ఆ రెండేళ్ళు వట్టి ఆలస్యం. ఆడపిల్లకి అలా కాదు. ఆ రెండేళ్ళలో సంబంధాలు వస్తాయి. "ఇంకెన్నాళ్ళే ఈ పరుగులు?" అనే మాట రోజూ వినపడుతుంది. పెళ్ళయినవాళ్ళకి కాన్పులు వస్తాయి. 1600 మీటర్ల కంటే ఆ రెండేళ్ళను దాటడమే ఎక్కువ దూరం. ఒంటరిగా దాటడం మరీ కష్టం.

కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ పరీక్ష చూడండి. మగవాళ్ళు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి. ఆడవాళ్ళకి 1.6 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర నిమిషాలు. మన అమ్మాయిలకు పరీక్ష కష్టతరం చేయమని నేను అడగడం లేదు. తిండి, గ్రౌండు, తీరిక సమానంగా ఇవ్వకుండా దూరం మాత్రం సమానం చేస్తే అది న్యాయం కాదు. నా ప్రశ్న వేరు. ఆడదాని కాళ్ళకి ఎంత దూరం చాలునో ఎవరు కొలిచారు?

ఆ కొలతకు ఒక చరిత్ర ఉంది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా ఆడవాళ్ళకి 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కె గెలిచింది. ఫైనల్‌లో పరుగెత్తిన తొమ్మిదిమందీ చివరిదాకా చేరారు. అయినా ఆడవాళ్ళు కుప్పకూలిపోయారని పత్రికలు రాశాయి. పందెం ముగిశాక మగవాడు నేల మీద పడుకుని రొప్పితే అది పోరాట పటిమ. ఆడది పడుకుంటే బలహీనత. ఆ తర్వాత ఆ పందేన్ని ఆడవాళ్ళకి తీసేశారు. మళ్ళీ 1960లో రోమ్‌లో పెట్టారు. 32 ఏళ్ళపాటు ప్రపంచంలోని ఆడవాళ్ళెవరూ ఒలింపిక్స్‌లో 200 మీటర్లకు మించి పరుగెత్తలేకపోయారు. పరుగెత్తే శక్తి లేక కాదు, పందెం లేక.

మారథాన్ సంగతి ఇంకా విచిత్రం. 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగు అది. అమెరికాలో బోస్టన్ మారథాన్‌కు 1966లో బాబీ గిబ్ అనే యువతి దరఖాస్తు పెట్టుకుంటే, ఆడవాళ్ళ శరీరం అంత దూరానికి తట్టుకోదని జవాబొచ్చింది. ఆమె పొదల్లో దాక్కుని, పందెం మొదలయ్యాక గుంపులో కలిసి పూర్తి చేసింది. మరుసటి ఏడు కాథరిన్ స్విట్జర్ పేరులోని పొడి అక్షరాలతో దరఖాస్తు నింపి, 261 అంకె తగిలించుకుని దిగింది. నిర్వాహకుల్లో ఒకడు దారి మధ్యలో ఆమె మీదకొచ్చి ఆ అంకెను లాగేయబోయాడు. పక్కన పరుగెత్తుతున్న ఆమె స్నేహితుడు వాణ్ణి తోసేశాడు. ఆమె పందెం పూర్తి చేసింది. ఆ ఫోటో చాలామంది చూసే ఉంటారు. కానీ ఆ ఫోటో వెనక ఇంకో మనిషి ఉన్నాడు. ఆర్నీ బ్రిగ్స్ అని యాభై ఏళ్ళ పోస్ట్‌మన్. ఆడవాళ్ళు అంత దూరం పరుగెత్తలేరని మొదట వాదించినవాడే. రోజూ ఆమెతో కలిసి పరుగెత్తి, తన అభిప్రాయం తప్పని ఒప్పుకుని, ఆ రోజు ఆమె పక్కనే పరుగెత్తాడు. వాదనకు లొంగని మనిషి కలిసి పరుగెత్తితే లొంగాడు.

1972కి గాని బోస్టన్ ఆడవాళ్ళని అధికారికంగా ఒప్పుకోలేదు. మగవాళ్ళకి 1896 నుంచీ ఉన్న ఒలింపిక్ మారథాన్, ఆడవాళ్ళకి 1984లో లాస్ ఏంజెలెస్‌లో వచ్చింది. 88 ఏళ్ళ తేడా. అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. అదే ఒలింపిక్స్‌లో మన పి.టి.ఉష సెకనులో నూరోవంతు తేడాతో పతకం పోగొట్టుకున్న సంగతి మనకందరికీ గుర్తుంది. ఆమె పరుగెత్తిన 400 మీటర్ల హర్డిల్స్ కూడా ఆడవాళ్ళకి ఆ ఏడే మొదలైందన్నది ఎందరికి గుర్తుంది?

ఇక మన ఊళ్ళోకి వద్దాం. దూరం పరుగెత్తడానికి కాళ్ళొక్కటే చాలవు. సమయం కావాలి, దారి కావాలి, తిండి కావాలి, తోడు కావాలి.

సమయం ఎవరి దగ్గరుంది? 2019లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఆడపిల్ల నాలుగింటికే లేచి పరుగెత్తడం సరదాకు కాదు. ఆరింటికల్లా వాకిలి ఊడ్చి కల్లాపి చల్లాలి. అన్న పరుగెత్తి వస్తే వేడినీళ్ళు సిద్ధంగా ఉంటాయి. చెల్లెలు పరుగెత్తి వస్తే అంట్లు సిద్ధంగా ఉంటాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవడమే ఆడదానికి సగం పందెం.

దారి ఎవరిది? బడి గ్రౌండులో మగపిల్లలు ఆడుకుంటారు కాబట్టి అమ్మాయిలు రోడ్డెక్కుతారు. రోడ్డు మీద దీపం ఉండదు. చెరకు బళ్ళు, లారీలు, కుక్కలు. బండాపి కూతలు కూసేవాళ్ళు. ఈ సంగతి పిల్లలు ఇంట్లో చెప్పరు. ఎందుకు చెప్పరంటే, చెప్పిన మర్నాడు ఏడిపించినవాడి తిరుగుడు ఆగదు, పిల్ల పరుగు ఆగుతుంది. నేరం వాడిది, శిక్ష ఈమెకి. ఇది పరుగు సమస్య కాదు. చదువుకి, సినిమాకి, రాత్రి డ్యూటీకి వెళ్ళే ప్రతి ఆడదాని సమస్య. బయట తిరగడానికి మనకి ఎప్పుడూ ఏదో ఒక కారణం చూపించాల్సి వస్తుంది.

తిండి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. రక్తం తక్కువైతే ఒంటికి ప్రాణవాయువు అందదు. ఎంత సాధన చేసినా ఊపిరి చాలదు. ఆ పిల్ల "నాకు చేతకాదు" అనుకుంటుంది. చేతకాక కాదు, గుడ్డు తమ్ముడి పళ్ళెంలోకి వెళ్ళింది గనక. పరుగు మొదలుపెట్టేముందు ప్రతి అమ్మాయీ ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. పరిగెడితే గర్భసంచి జారిపోతుందనే మాట ఇప్పటికీ వింటున్నాం. అది అబద్ధం. అయితే శ్రమకు తగ్గ తిండి లేకపోతే నెలసరి తప్పవచ్చు. అప్పుడు మాన్పించాల్సింది పరుగును కాదు, పస్తులను.

ఇక తోడు. ఎక్కువ దూరం పరుగెత్తేవాళ్ళకి ఒక సులువైన కొలత ఉంది. రోజువారీ సాధనలో పక్కవాళ్ళతో మాట్లాడగలిగినంత వేగంతోనే వెళ్ళాలి. మాట ఆగిపోతే వేగం ఎక్కువైందని అర్థం. గుండెకీ ఊపిరికీ బలం వచ్చేది ఎక్కువగా ఈ నెమ్మది పరుగుతోనే. రోజూ 1600 మీటర్లను ప్రాణం పోయేలా పరుగెత్తడం వల్ల మోకాళ్ళు నొప్పెడతాయి, విసుగొస్తుంది. వారంలో చాలా రోజులు నెమ్మదిగా, ఒక రోజు ఇంకాస్త ఎక్కువ దూరం, ఒకటి రెండు రోజులు మాత్రమే గట్టిగా, తప్పకుండా ఒక రోజు విశ్రాంతి. దూరం కొద్దికొద్దిగా పెంచుకుపోవాలి. ఇలా అయిదారు కిలోమీటర్లు హాయిగా వెళ్ళగలిగిన అమ్మాయికి 1600 మీటర్లు భయపెట్టదు. ఆడవాళ్ళు నలుగురు చేరితే కబుర్లేనని మనల్ని వెక్కిరిస్తారు కదా. ఇక్కడ ఆ కబుర్లే సాధనకు కొలబద్ద!

హైదరాబాదులో 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ వంటి బృందాల్లో ఉద్యోగస్తులు, గృహిణులు కలిసి సాధన చేస్తారు. పెద్ద పందేల్లో పేసర్లని ఉంటారు. చేతిలో చిన్న జెండా పట్టుకుని, నిర్ణయించిన సమయానికి మిగతావాళ్ళని గమ్యం చేర్చడానికి, తమ వేగం తాము వదులుకుని పరుగెత్తేవాళ్ళు. మంచి పద్ధతి. కాని వేల రూపాయల బూట్లు, ప్రవేశ రుసుము కట్టగలిగినవాళ్ళ లోకం అది. విశాఖ తీరాన జరిగే నేవీ మారథాన్‌లో 5, 10, 21, 42 కిలోమీటర్ల పరుగులున్నాయి. ఇక్కడి కూలి ఇంటి పిల్లకి ఆ దూరం పెద్దది కాదు. ఆ రుసుము, ఆ బస్సు ఛార్జీ, ముందురాత్రి విశాఖలో పడుకునే చోటు, ఇవి పెద్దవి. ఆడవాళ్ళందరూ ఒకటేనని మనం సభల్లో అంటాం. బూట్లున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకటి కాదు. బూట్లున్న అక్కలు ఆ సంగతి గుర్తించి, లేనివాళ్ళకి దారి చేయాలి.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హర్డిల్స్‌లో రజతం తెచ్చింది. తల్లి ఇళ్ళల్లో పనిచేసి, తండ్రి సెక్యూరిటీ గార్డుగా ఉండి పెంచిన పిల్ల. గర్వపడదాం. అయితే పతకం తెచ్చే పిల్లకీ, ఉద్యోగం తెచ్చే పిల్లకీ మాత్రమే పరుగెత్తే అనుమతి ఉంటే అది హక్కు కాదు, పెట్టుబడి. ఈవెంట్స్ పాసైన పిల్ల ఉద్యోగానికి వెళ్తుంది. తప్పిన పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. ఇద్దరి పరుగూ ఆగిపోతుంది. నలభై ఏళ్ళావిడ ఊరికే, ఒంటికి హాయిగా ఉందని, రోడ్డు మీద పరుగెత్తితే మనమే నోరు నొక్కుకుని నవ్వుతాం. "ఊరికే" అన్న ఆ మాటకి మనం సిద్ధపడాలి.

అందుకని మూడు పనులు చేద్దాం. బడి గ్రౌండు ఉదయం రెండు గంటలు ఆడవాళ్ళకి కేటాయించాలని, దీపాలు, నీళ్ళు, మరుగుదొడ్డి ఏర్పాటు చేయాలని పంచాయతీని అడుగుదాం. వంతులవారీగా ఇద్దరేసి పెద్ద ఆడవాళ్ళు అమ్మాయిలతో వెళ్దాం. పరుగెత్తలేకపోతే నడుద్దాం, ఎవడు కూత కూశాడో మన కళ్ళతో చూద్దాం. ఈసారి ఈవెంట్స్ తప్పిన పిల్లల్ని ఇంట్లో కూర్చోనివ్వకుండా కొత్త పిల్లలకి తోడు నిలబెడదాం. ఓడినవాళ్ళకి తెలిసిన విషయాలు గెలిచినవాళ్ళకి తెలియవు.

ఇందాకటి ఆ నలుగురిలో ఇద్దరు ఈ సభలోనే వెనక వరసలో కూర్చున్నారు. వాళ్ళని సిగ్గుపెట్టను. రేపు తెల్లవారుజామున నేనూ వస్తాను. నా వయసుకు, నా మోకాళ్ళకు ఎంత దూరమో తెలియదు. మొదట ఒక కరెంటు స్తంభం దాకా వెళ్దాం. తర్వాతి దాని సంగతి అక్కడికి చేరాక మాట్లాడుకుందాం.